ఏడో స్తంభం దగ్గర మాయమయ్యే నీళ్లు

గురువారం మధ్యాహ్నం మూడింటికి హెల్కా కల్లియో ఆఫీసుకు వచ్చిన మనిషి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఒక చేత్తో టోపీ నలుపుకుంటూ, మంచు ఎప్పుడో రాలిపోయిన బూట్లను ఇంకా దులుపుతూనే ఉన్నాడు.

"రండి సులో గారూ. ఇంకా దులిపితే బూట్లు అరుగుతాయి," అంది హెల్కా.

సులో అంటే కోయివులా ఊళ్లో తెలియనివాళ్లు లేరు. నలభై ఏళ్లుగా పాత కార్ల మెకానిక్. హెల్కా కూడా తక్కువ మనిషేం కాదు. ఇరవై ఆరేళ్లు వాహనాల తనిఖీ కేంద్రంలో పనిచేసి ఊళ్లో సగం కార్ల లోగుట్టు తెలుసుకుంది. ఆ తర్వాత మనుషుల లోగుట్టు మీద పడింది. ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు పెట్టినరోజు ఊరంతా నవ్వింది. ఇప్పుడెవరూ నవ్వడం లేదు. అసిస్టెంటు తాయిస్తో అయితే మొదట్నుంచీ నవ్వలేదు. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన ఆ పెద్దమనిషికి హెల్కా తుమ్మినా అందులో ఏదో తెలివి కనిపిస్తుంది.

తాయిస్తో కాఫీ పోసి దాల్చినచెక్క బన్ను పక్కన పెట్టాడు. సులో ముట్టుకోలేదు. ఈ మంచు దేశంలో మనిషి కాఫీ ముట్టుకోలేదంటే సంగతి ముదిరిందన్నమాట.

"వైనో నన్ను దొంగంటున్నాడమ్మా. ముప్ఫై ఒక్క ఏళ్లుగా శనివారం ఆరింటికి ఆవిరిస్నానానికి ఇద్దరిదీ ఒకటే సౌనా, ఒకటే బల్ల. పోయిన శనివారం తువ్వాలు భుజాన వేసుకుని వెళ్తే లోపల గొళ్లెం పెట్టుకున్నాడు. తలుపు బయట పిచ్చోడిలా నిలబడ్డాను," అన్నాడు సులో.

"ఏం దొంగతనం?"

"నీళ్లు."

తాయిస్తో నోరు తెరిచాడు. హెల్కా కళ్లు మెరిశాయి.

"రేడియేటర్‌లో నీళ్లు," సులో వివరించాడు. "వైనోకి ఒక పాత ఎర్ర కారుంది. అరవై ఆరు మోడల్. జనవరి నుంచీ రోజూ వేలెడు కూలెంటు తగ్గిపోతోంది. నేను హోస్ పైపులన్నీ మార్చాను. క్లిప్పులు మార్చాను. వాటర్ పంపు, థర్మోస్టాట్ గాస్కెట్, చివరికి రేడియేటర్ మూత కూడా మార్చాను. నా షెడ్డులో రాత్రంతా ఉంచి, గాలి పంపుతో ప్రెషర్ పెట్టి చూశాను. చుక్క కారితే ఒట్టు! ఇంటికి తీసుకెళ్లిన మర్నాడే మళ్లీ వేలెడు మాయం. పోనీ కింద మరకుందా అంటే అదీ లేదు."

"ఇంజిన్ లోపలికే పోతోందేమో? పొగ తెల్లగా వస్తోందా?"

"లేదు. ఆయిల్ కూడా శుభ్రంగా ఉంది. అందుకే, బానెట్ తీసి నేనే తోడేస్తున్నానంటాడు. ఎప్పుడో 'అమ్మే రోజొస్తే ముందు నాకు చెప్పరా' అన్నాను లెండి. అది పట్టుకున్నాడు. ఈ బెడద పడలేక అమ్మేస్తాడట, ఎల్లుండి పదింటికి కువోపియో పట్నం నుంచి బేరగాడు వస్తున్నాడట. కారు పోతే పోనివ్వండి. ఆ కారు నా వల్లే పోయిందని వాడు చచ్చేదాకా అనుకుంటాడు. అది నేను భరించలేనమ్మా."

హెల్కా లేచి కోటు తొడుక్కుంది. "రేపు పొద్దున్నే వస్తాం. ముందు ఆ బన్ను తినండి. తాయిస్తో చేసింది. వదిలేస్తే రోజంతా అలుగుతాడు."

శుక్రవారం చలి మైనస్ ఇరవై దాటింది. సులో, వైనో ఉండేది ఒకే మూడంతస్తుల భవనం. దాని ప్రాంగణంలో కార్లు వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కో కారు ముందు నడుమెత్తు స్తంభం, దానికి తాళం వేసిన కరెంటు పెట్టె. చలికాలంలో ఇక్కడ కారుకి కూడా పాలు పట్టాలి. అంటే ఇంజిన్‌లోని హీటర్‌కి కరెంటు వైరు తగిలించి, తెల్లవారుజామున అది వేడెక్కేలా టైమరు పెట్టాలన్నమాట. ఏడో స్తంభం దగ్గర ఎర్ర కారు కొత్త పెళ్లికూతురిలా మెరుస్తోంది.

హెల్కా ముందు మెట్ల దగ్గరున్న నోటీసు బోర్డు చదివింది. సౌనా వంతులు, పోయిన చేతి తొడుగు, ఆఖరున వాహనాల నిబంధన. చివరి వాక్యందాకా నింపాదిగా చదివింది. తాయిస్తో చలికి గంతులు వేస్తూ వేచి ఉన్నాడు.

ఆ తర్వాత కారు ముందు బోర్లా పడుకుంది.

"అయ్యో, మీ కోటు!" అన్నాడు తాయిస్తో.

"కోటు సంగతి తర్వాత. మిగతా కార్ల కింద ఏముంది?"

"నల్లగా గట్టిపడిన మంచు."

"దీని కింద?"

తాయిస్తో వంగి చూశాడు. "ఇసక. కొత్తగా చల్లినట్టుంది. ఇంజిన్ కింద మాత్రమే ఉంది."

అంతలో మంచు తోసే పార పట్టుకుని కాపలాదారు రెయినో వచ్చాడు. ప్రాంగణం, మెట్లు, సౌనా అన్నీ అతని బాధ్యతే.

"ఈ ఇసక నువ్వే చల్లావా?" అడిగింది హెల్కా.

"నేనా? నేను దారిలో, మెట్ల మీద చల్లుతానమ్మా. అదీ ఏడింటి తర్వాతే. కార్ల కిందికి దూరి చల్లడానికి నాకేమన్నా పిచ్చా? నడుం నొప్పి పడలేక చస్తుంటే!"

వైనో ఇల్లు రెండో అంతస్తులో ఉంది. రిటైరైన పోస్ట్‌మాన్. భార్య సైమి నిరుడు పోయింది. ఉద్యోగం మానేసినా రోజూ థర్మామీటర్ చూడటం మానలేదు. వంటింటి క్యాలెండర్లో ప్రతి రోజు గడిలోనూ రెండు అంకెలు. ఒకటి చలి, రెండోది ఎన్ని వేళ్ల నీరు తగ్గిందన్నది.

"ఆరింటికి హీటర్ ఆన్ అవుతుంది. ఎనిమిదింటికి దిగుతాను. మూత తీసి పుల్ల పెట్టి చూస్తాను. తగ్గింది పోస్తాను. అంతే," అన్నాడు వైనో ముక్తసరిగా.

"ఇంజిన్ అప్పటికి వెచ్చబడి ఉంటుందా?"

"వెచ్చబడకపోతే హీటర్ ఎందుకు? అది మా సైమి క్రిస్మస్‌కి ఇచ్చింది. ఎనభై తొమ్మిదిలో. నా చేతుల్తో నేనే బిగించుకున్నా. దాని జోలికి ఎవర్నీ రానివ్వను. సులోకి కూడా చెప్పాను, దాని మీద చెయ్యి వేస్తే ఊరుకోనని."

"సులో దొంగని నిజంగా నమ్ముతున్నారా?"

వైనో కిటికీలోంచి బయటికి చూశాడు. "నమ్మాలని ఎవరికుంటుందమ్మా? కానీ నీళ్లకి కాళ్లు రావు కదా."

తాయిస్తో క్యాలెండర్ మీద వేలు పెట్టి ఉలిక్కిపడ్డాడు. "ఇదిగో! ఈ వారమంతా సున్నా! దొంగ సెలవు మీద వెళ్లాడు!"

"చలికాలం సెలవుల వారం అది. ఆ వారం ఊళ్లో లేనిది ఒక్కరే. ఇర్మెలి. కానరీ దీవులకి ఎండ కాచుకోడానికి పోయింది," అన్నాడు వైనో.

ఇర్మెలి ఆ భవనం సంఘానికి అధ్యక్షురాలు. మెట్లు దిగుతుంటే తాయిస్తో ఆగలేకపోయాడు. "దొరికింది కదండీ! ఆవిడే!"

"ఆ గడుల్లో మొదటి అంకె చూశావా?"

"లేదు."

"మరి సగం టికెట్టుతో బస్సెక్కనిచ్చేవాడివా, తాయిస్తో?"

చూసి ఉంటే బాగుండేదని రోజంతా బాధపడ్డాడు పాపం.

ఇర్మెలి కింది అంతస్తులో ఉంటుంది. తలుపు తీయగానే చిన్న కుక్క నప్పి కాళ్లకి చుట్టుకుంది. గుమ్మం పక్కన జింకు బకెట్టు, మూత పెట్టి ఉంది. దాని మీద పొట్టి పార.

"ఇవేమిటండీ?" అంది హెల్కా.

"మెట్ల మీద ఇసక చల్లుకోడానికి," అంది ఇర్మెలి చటుక్కున. తర్వాత కారు మాటెత్తగానే గయ్యిమంది. "ఆ డొక్కు కారా? పొగ, కంపు, చప్పుడు! రెండేళ్ల క్రితం ఎవరిదో కారు కింద ఆకుపచ్చ నీళ్లు నాకి నా నప్పి చావుదప్పి కన్ను లొట్టపోయినట్టయింది. ఆ కూలెంటు తియ్యగా ఉంటుంది, కుక్కలకి విషం. అప్పుడే రూలు పెట్టించా. చుక్క కారిందా, కారు బయటికి, స్తంభం ఇంకొకరికి! అయితే ఆ కారు కింద చుక్క లేదు. రోజూ నేను చూస్తున్నాగా!"

"రోజూనా? ఎన్నింటికి?"

"అయిదున్నరకి. నప్పి ముసలిదైపోయింది, ఆగలేదు."

కుక్కని బయటికి తీసుకెళ్లే వేళయిందని ఆవిడ లేచింది. ప్రాంగణంలోకి రాగానే నప్పి ఏడో స్తంభం వైపు లాగింది. ఇర్మెలి తాడు పొట్టిగా పట్టి, "అటు వద్దన్నానా!" అని కసిరింది. హెల్కా రెయినోని పక్కకి పిలిచి కరెంటు పెట్టె తాళంచెవి గురించి నాలుగు మాటలు మాట్లాడింది.

శనివారం పొద్దున్న ఏడింటికి అందరూ ఏడో స్తంభం దగ్గర చేరారు. చలి ఇరవై నాలుగు. తాయిస్తో ఫ్లాస్కులోంచి కాఫీ పోస్తున్నాడు. వైనో ఒక చివర నిలబడ్డాడు, సులో ఇంకో చివర. మధ్యలో ఇర్మెలి చంకలో నప్పి. రెయినో పార మీద ఆనుకున్నాడు.

"పొద్దున్నే ఈ జాతరేంటి?" అన్నాడు వైనో. "పదింటికి బేరగాడొస్తాడు. నేను బండి తుడుచుకోవాలి."

"పది నిమిషాలు. తర్వాత తుడుచుకోవాలో వద్దో మీరే చెబుదురు గాని," అంది హెల్కా. "తాయిస్తో, నీ తెల్ల రుమాలు ఇవ్వు."

కాస్త నొచ్చుకుంటూ ఇచ్చాడు. అది వాళ్లావిడ ఇస్త్రీ చేసిన రుమాలు. హెల్కా దాన్ని ఇంజిన్ కింద ఇసక మీద పరిచింది.

"ఈ కేసులో దొంగ ఒక్కరే అనుకుని మనమంతా తప్పు చేశాం. నిజానికి ప్రశ్నలు రెండు. నీళ్లు ఎలా పోతున్నాయి? మరక ఎలా పోతోంది? రెండింటికీ జవాబు వేరు. ముందు నీళ్లు. వైనో గారి క్యాలెండర్లో సున్నాలున్న వారం, ఇర్మెలి గారు ఊళ్లో లేరు. నిజమే. కానీ అదే వారం చలి కూడా లేదు. చూర్లు కారాయి. మైనస్ రెండు, సున్నా, ప్లస్ ఒకటి. ఆవిడ తిరిగొచ్చాక కూడా చలి తగ్గిన రెండు రోజులు సున్నాలే. అంటే దొంగకి చలి కావాలి."

"దొంగకి చలెందుకు?" అన్నాడు రెయినో.

"రబ్బరుకి చలి పడదు కనక. వెచ్చగా ఉంటే ఉబ్బుతుంది, సందు మూస్తుంది. గడ్డకట్టే చలిలో ముడుచుకుంటుంది, అందులోనూ ముసలి రబ్బరైతే చెప్పక్కర్లేదు. సులో గారి షెడ్డు వెచ్చన. అక్కడ చుక్క కారదు. ఇక్కడ ఆరింటికి హీటర్ ఆన్ అవుతుంది. ఎనిమిదింటికి వైనో గారు వచ్చేసరికి ఇంజిన్ వెచ్చబడి సందు మూసుకుపోతుంది. ఒకరు వెచ్చటి షెడ్డులో వెతికారు, ఇంకొకరు వెచ్చబడ్డాక వెతికారు. చలిలో ఎవ్వరూ చూడలేదు. అందుకే నిన్న సాయంత్రం రెయినోతో టైమరు ఆపించాను."

"నా హీటర్ ఆపారా?" వైనో మొహం ఎర్రబడింది.

"ఆపాను. కోపం తర్వాత. ముందు చూడండి."

అందరూ వంగారు. ఇంజిన్ పక్కన, వైరు లోపలికి వెళ్లేచోట, ఆకుపచ్చటి చుక్క ఒకటి ఊరింది. లావెక్కింది. తొందరేం లేదన్నట్టు కాసేపు వేలాడి, తాయిస్తో రుమాలు మీద పడింది.

"అబ్బ!" అన్నాడు తాయిస్తో.

"హీటర్!" సులో నెత్తి కొట్టుకున్నాడు. "హీటర్ చుట్టూ ఉండే రబ్బరు రింగు! అన్నీ మార్చాను, దాన్ని తప్ప!"

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్లు ఊరికే అనలేదు. కారుని కాపాడాల్సిన వస్తువే కారుని ముంచుతోంది.

"మీరు దాని మీద చెయ్యి వెయ్యలేదు, ఎందుకంటే వైనో గారు వద్దన్నారు," అంది హెల్కా. "సైమి గారి కానుక మీద గౌరవంతో మీరు ముట్టుకోలేదు. ఆయన ప్రేమతో ముట్టుకోనివ్వలేదు. ముప్ఫై ఏళ్లు దాటిన రబ్బరుకి ఈ మర్యాదలేం తెలుస్తాయి?"

వైనో కళ్లు రుమాలు మీదే ఉన్నాయి. అక్కడ రెండో చుక్క పడింది.

"మరి మరక?" అన్నాడు రెయినో. "రోజూ ఇలా కారితే నాకు కనపడాలిగా?"

"నువ్వు వచ్చేది ఏడింటికి. అయిదున్నరకి వచ్చేవాళ్లు ఒకరున్నారు. మెట్ల మీద చల్లేది నువ్వయితే, ఇసక బకెట్టు వాళ్ల గుమ్మంలో ఎందుకుంది? కారు కింద చుక్క లేదని అంత గట్టిగా వాళ్లకెలా తెలుసు? తీపి వాసనకి కుక్క ఇటే లాగుతుంటే తాడు ఎందుకు అంత పొట్టిగా పట్టుకున్నారు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఇర్మెలి కుక్కని ఇంకా గట్టిగా హత్తుకుంది. అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"అవును, నేనే," అంది. "జనవరిలో మొదటిసారి పచ్చ మంచు చూశాను. నా రూలు ప్రకారం ఆ రోజే నోటీసు ఇవ్వాలి. ఇవ్వబోయాను కూడా. చెయ్యి రాలేదు. పదకొండేళ్లు ప్రతి గురువారం సైమి నన్ను ఆ కారులోనే బజారుకి తీసుకెళ్లింది. ముందు సీట్లో నేను, వెనక సీట్లో మా బంగాళాదుంపలు. ఆ కారు వెళ్లిపోతే సైమి రెండోసారి పోయినట్టే నాకు. అలాగని వదిలేస్తే నా నప్పి నాకి చస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందుకే పచ్చ మంచంతా గీకి బకెట్లో వేసుకుని, ఇసక కప్పేదాన్ని. మీ ఇద్దరూ దీని మీద కొట్టుకుంటున్నారని నిన్న ఈవిడ చెప్పేదాకా నాకు తెలీదు."

"మరి రోజూ నా కారుని తిడతావేం?" అన్నాడు వైనో, ఆశ్చర్యం పట్టలేక.

"తిట్టకపోతే అనుమానం వస్తుందిగా! పైగా నిజంగానే పొగొస్తుంది." ఇర్మెలి ముక్కు తుడుచుకుంది. "సరే. ఇప్పుడు అందరూ చూశారు. రూలు రూలే. స్తంభం పోయినట్టే. నా నోటితో నేనే చెప్పాల్సొచ్చింది."

"ఇర్మెలి గారూ, ఆ నోటీసు మీరెప్పుడైనా పూర్తిగా చదివారా?" అంది హెల్కా.

"పెట్టించిందే నేను! చదవడమెందుకు?"

"చివరి వాక్యం చదవాల్సింది. 'కారుతున్నట్టు యజమానికి తెలిపిన రోజు నుంచి వారం లోపల బాగుచేయించుకుంటే చర్య ఉండదు.'"

"ఆ వాక్యం నేను పెట్టలేదే!"

రెయినో గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు మీటింగులో ఎవరో నవ్వారని మీరు కోపంతో తలుపు ధడేలుమని వేసి వెళ్లిపోయారు కదండీ. మీరు వెళ్లాక సైమి గారు లేచి, ఆ ఒక్క ముక్క కలపమన్నారు. 'బండికైనా మనిషికైనా బాగుపడ్డానికి వారం టైమివ్వాలి' అన్నారు. అందరం చేతులెత్తాం."

ఇర్మెలి ఏడుస్తూనే నవ్వింది. వైనో టోపీ తీసి, అంత చలిలో బట్టతల మీద చెయ్యి రాసుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత సులో దగ్గరికి నడిచాడు.

"ఒరేయ్ సులో."

"ఏంట్రా?"

"ఆ రింగు నీ దగ్గరుందా?"

"షెడ్డులో డబ్బా నిండా ఉన్నాయి."

"అయితే మార్చు. హీటర్ ఊడబీకు, ఏమన్నా చేసుకో." ఆగాడు. మిగతాది గొంతులోంచి లాగాల్సి వచ్చింది. "నాది తప్పురా. క్షమించు."

ఆ ఊళ్లో మగాడి నోట క్షమాపణ కోసం ఇంత పెద్ద ఉపన్యాసం ఎప్పుడూ ఎవరూ వినలేదు. సులో తలాడించి, ముక్కు చీదుకుని, "తాళాలిటివ్వు" అన్నాడు.

పదింటికి కువోపియో బేరగాడు వచ్చేసరికి ఎర్ర కారు సులో షెడ్డులో జాకీ మీద ఉంది. కూలెంటు బేసిన్లోకి దింపారు. హీటర్ బయటికి తీశారు. దాని చుట్టూ ఉన్న రింగు నల్లగా, బిస్కెట్టులా విరిగింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది వ్యవహారం. అయినా ఆ ఎలుక ముప్ఫై ఏళ్ల స్నేహాన్ని కొరికేయబోయింది. సులో ఆ రంధ్రాన్ని గరుకు కాగితంతో రుద్ది శుభ్రం చేశాడు. కొత్త రింగుకి గ్రీజు రాసి హీటర్ మీద ఎక్కించాడు. బిగించడం మాత్రం వైనో చేతికి వదిలేశాడు. కొత్త కూలెంటు పోసి, మూత తీసి ఇంజిన్ ఆన్ చేసి, బుడగలన్నీ పోయేదాకా పక్కనే నిలబడ్డారు ఇద్దరూ. బేరగాడికి కాఫీ పోసి, అన్నం కూరిన కర్యాలా పై మీద గుడ్డు కలిపిన వెన్న రాసి పెట్టి, కారు అమ్మడం లేదని చెప్పి మర్యాదగా సాగనంపారు. రాత్రికి కారుని షెడ్డు బయట చలిలో ఉంచి పొద్దున్నే చూడాలని సులో పట్టుబట్టాడు. ఈసారి అతను చలిని మర్చిపోలేదు.

"మీకెలా తట్టిందండీ, హీటర్ అని?" అన్నాడు తాయిస్తో, తిరిగొస్తూ. పచ్చ మరకలున్న రుమాలు మడిచి గుండె జేబులో పెట్టుకున్నాడు.

"సులో గారు అన్నీ మార్చానన్నారు. ముట్టుకోవద్దన్నది మాత్రం ఒక్కటే. తనిఖీ కేంద్రంలో నేను ముందు చూసేది అదే."

ఆదివారం పొద్దున చలి ఇరవై మూడు. కారు కింద కాగితం పొడిగా ఉంది. గురువారం బజారుకి వెళ్లేటప్పుడు ముందు సీట్లో ఇర్మెలి, ఆవిడ ఒళ్లో నప్పి. పొగ గురించి దారి పొడుగునా తిట్టిందట.

కానీ అంతకు ముందే, ఆ శనివారం సాయంత్రం ఆరింటికి, సులో తువ్వాలు భుజాన వేసుకుని కిందకి దిగాడు. సౌనా తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. తోశాడు. గొళ్లెం లేదు. పై బల్ల మీద వైనో ఒక పక్కకి జరిగి కూర్చుని ఉన్నాడు. పక్కన ఒక మనిషి పట్టేంత చోటు.

సులో ఎక్కి కూర్చున్నాడు. వైనో గరిటెతో నీళ్లు తీసి ఎర్రగా కాలిన రాళ్ల మీద పోశాడు. సుయ్యిమంది. ఆవిరి ఇద్దరి వీపుల మీదా పాకింది. రాళ్ల మీద చుక్క మిగల్లేదు.

"చూశావా, మళ్లీ మాయం," అన్నాడు వైనో.

"దొంగ నేను కాదురా," అన్నాడు సులో. "ఇంకో గరిటె పొయ్యి."